తాకిందా, కొట్టిండా?

(బాలాపూర్‌లో మా ఇంగ్లీషు సార్ జ్ఞాపకార్థం ఆయన పాత విద్యార్థులు జరిపిన సభలో చేసిన స్మారకోపన్యాసం)



సార్ పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మళ్లీ పలకను. ఆయన బతికున్నన్నాళ్లూ ఈ ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్ నుంచి పాలు పోసే ఆమె దాకా అందరికీ ఇంగ్లీషు సారే. బయటివాళ్లకు బాలాపూర్ అంటే గణపతి లడ్డు. 1994లో 450 రూపాయలకు పాడుకున్న లడ్డు 2025లో 35 లక్షలు పలికింది. శనగపిండి శనగపిండే, చక్కెర చక్కెరే. ధర లడ్డులో లేదు, దాన్ని వేలంలో ఎక్కడ నిలబెట్టారన్న దాంట్లో ఉంది. మాటల సంగతీ కొంత అంతే. ఇవాళ నేను మాట్లాడబోయేది అలాంటి నాలుగైదు మాటల గురించే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. సార్ దగ్గర ఇంగ్లీషు, దిల్‌సుఖ్‌నగర్‌లో టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. కోర్టుల్లో స్టెనోగా ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. నేను కొడతాను. అంటే ఒకరికి తాకిన దెబ్బను మరొకరు ఇంకో భాషలో చెబుతుంటే టైపు కొట్టడమే నా ఉద్యోగం. అందుకే సార్ స్మారకోపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు హర్ట్, హార్మ్, ఇంజురీ, వూండ్, డ్యామేజ్ అనే ఐదు ఇంగ్లీషు మాటల మీద చెప్తానన్నాను. నిర్వాహకులు జంకారు. సార్ వర్ధంతి సభలో ఈ దెబ్బల లొల్లి ఎందుకన్నారు. సార్ ఉంటే ఇదే అడిగేవారని సర్దిచెప్పాను.

మేం ఎనిమిదిలో ఉండగా కొనుక్కున్న గైడులో ఈ ఐదింటికీ ఒకటే అర్థం: గాయపరచు, హాని చేయు. దాన్ని నమ్ముకొని మాలో ఒకడు తన సైకిల్ వూండ్ అయిందని రాశాడు. ఇంకొకడు వాన మా ఇంటిని ఇంజూర్ చేసిందన్నాడు. ఆ ఇంకొకణ్ని నేనే. సార్ నవ్వలేదు. "ఏరా, సైకిల్‌కు నెత్తురు కారిందా?" అన్నారంతే. తర్వాత చాక్‌పీసు కింద పెట్టి, ఇలాంటి మాట ఎదురైనప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోమన్నారు. ఒకటి, దేనికి తాకింది? రెండు, ఎవరి చెయ్యి ఉంది?

ఆ రెండు ప్రశ్నలతో చూస్తే ఐదు మాటలూ విడివిడిగా నిలబడతాయి. వూండ్ కావాలంటే కత్తో తూటానో ఉండాలి, చర్మం తెగాలి. వెనక ఒక పగో యుద్ధమో కనబడుతుంది. ఇంజూర్ అయ్యేది బస్సు బోల్తా పడ్డప్పుడు, ఆటలో మోకాలు తిరిగినప్పుడు. క్రికెటర్ ఇంజూర్ అవుతాడు, సరిహద్దులో సైనికుడు వూండ్ అవుతాడు. అటుదిటు మారిస్తే ఆట యుద్ధమైపోతుంది, యుద్ధం ఆటైపోతుంది. డ్యామేజ్ వస్తువులకు. మరి మనిషికి అనకూడదా అంటే, మనిషి మొత్తానికి అనకూడదు, మనిషిలో ముక్కకు అనొచ్చు: కాలేయం, మెదడు, నరం. ఆ ముక్కను విడిగా పెట్టి చూసే డాక్టరు కంటికి అది వస్తువే గదా. హార్మ్ తీరు వేరు. జరిగినదానికంటే జరగనిదానికి, జరగబోయేదానికి దాన్ని ఎక్కువ వాడతారు. ఇంకో కప్పు చాయ్ తాగితే హార్మ్ లేదు, సిగరెట్ హార్మ్ చేస్తుంది. మన హాని కూడా ఇంచుమించు అంతే. సిగరెట్‌ను 'హానికరం' అంటాం గాని, మెట్ల మీద జారిపడ్డవాడెవడూ నాకు హాని జరిగిందని అరవడు.

హర్ట్ దగ్గర మాత్రం సార్ ఒక పీరియడ్ మొత్తం ఆగిపోయారు. ఇంగ్లీషులో 'నా కాలు హర్ట్స్' అన్నా అదే మాట, 'నువ్వు నా కాలు హర్ట్ చేశావు' అన్నా అదే మాట. మొదటిదాంట్లో ఎవరి చెయ్యీ లేదు, రెండోదాంట్లో ఉంది. తెలుగు ఆ రెంటినీ ఎప్పుడో వేరుచేసి పెట్టుకుంది: నొచ్చడం వేరు, నొప్పించడం వేరు. అంతకంటే ముఖ్యం, మనకు తాకడం వేరు, కొట్టడం వేరు. ఇక్కడ దెబ్బ తాకుతుంది, కోస్తాలో తగులుతుంది. ఎక్కడైనా అది దానంతట అదే వచ్చినట్టు వస్తుంది. 'నాకు' అనే మాట విభక్తి పట్టుకొని పక్కన నిలబడి చూస్తుంటుంది. నాకు దెబ్బ తాకింది. ఈ వాక్యంలో దోషి లేడు. ఉండొచ్చు, కానీ వాక్యంలోకి రాడు.

అసలు దెబ్బల్లో మనకున్న తేడాలు ఇంగ్లీషు సార్లకే ఈర్ష్య పుట్టిస్తాయి. తలకు బొప్పి కడుతుంది. తొడ కమిలిపోతుంది. మోచెయ్యి దోక్కుపోతుంది. మడమ బెణుకుతుంది. ముళ్లకంపకు చీరుకుపోతుంది. ఇవేవీ కాకుండా పైకి ఏమీ కనబడని మూగదెబ్బ ఒకటుంది. నెత్తురు చుక్క రాదు, వాపు కూడా మర్నాటికిగాని తేలదు, మనిషి మాత్రం లేవలేడు. నోరులేని దెబ్బ అని పేరు పెట్టినవాళ్లెవరో గాని వాళ్లు తప్పకుండా దాన్ని అనుభవించి ఉంటారు. నా సర్వీసులో ఈ మాటకు సరిపోయే ఒక్క ఇంగ్లీషు మాట నాకు దొరకలేదు. 'ఇంటర్నల్ ఇంజురీ' అంటారు. అది డాక్టరు లోపలికి తొంగి చూసి చెప్పే మాట. మూగదెబ్బ అనేది తిన్నవాడు బయటికి చెప్పే మాట.

తినడం అన్నాను కదా, అదొకటి. మనం దెబ్బలు తింటాం. మనుషులే కాదు, వానకు రోడ్లు దెబ్బతింటాయి, వడగళ్లకు మామిడి దెబ్బతింటుంది, వ్యాపారం దెబ్బతింటుంది, పరువు దెబ్బతింటుంది, ఈ మధ్య రోజూ ఎవరివో మనోభావాలు దెబ్బతింటున్నాయి. ఇంగ్లీషువాడు డ్యామేజ్‌కు, లాస్‌కు, హర్ట్‌కు విడివిడిగా అరలు కట్టుకుంటే మనం ఒకే కంచంలో పెట్టుకు తింటున్నాం. తెలుగు మీడియం నుంచి వచ్చిన మేం 'మై హ్యాండ్ డ్యామేజ్డ్' అన్నామంటే మాది తెలివితక్కువతనం కాదు, ఆ కంచం అలవాటు.

ఇక కోర్టుకు వస్తాను. ఏ కోర్టో, ఏ సంవత్సరమో చెప్పను. ఇద్దరు పక్కింటివాళ్లు గోడ దగ్గర కొట్టుకున్నారు. మధ్యలోకి వెళ్లిన ముసలామెకు నొసటి మీద దెబ్బ తాకింది. ఆమె సాక్షి. ప్రాసిక్యూటర్ అడిగారు:

"ఎవరు కొట్టారమ్మా?"

"కొట్టలే సారూ. కట్టె తాకింది."

"కట్టె ఎవరి చేతిలో ఉంది?"

"మా మరిది కొడుకు చేతుల."

"అంటే అతను కొట్టాడు."

"కొట్టలే అంటున్న గద. వాన్ని కొట్టబోయిండు. నాకు తాకింది."

ఇంగ్లీషులో నా చేతికొచ్చిన వాక్యం: నేను కర్రతో నుదుటి మీద ఇంజురీ 'సస్టెయిన్' చేశాను. కోర్టు ఇంగ్లీషులో గాయాన్ని సస్టెయిన్ చేస్తారు, లేదా రిసీవ్ చేసుకుంటారు, పోస్టులో వచ్చినట్టు. చూడ్డానికి తాకిందికి దగ్గరగానే ఉంది, ఇందులోనూ దోషి లేడు. కానీ ఆమె చెప్పినదాంట్లో ఉన్న అసలు విషయం, కట్టె ఎవరి కోసం లేచిందో, ఎవరి మీద పడిందో, జారిపోయింది. సాక్ష్యం చివర ఆనవాయితీగా ఆర్.ఓ.ఏ.సి. అని కొడతాం. చదివి వినిపించాం, సరేనని ఒప్పుకున్నారు అని దాని అర్థం. నేను తెలుగులో చదివి వినిపించాను: "నాకు కర్రతో నుదుటి మీద గాయమైంది." ఆమె నన్ను కాసేపు చూసి, "నువ్వు చదువుకున్నోనివి బిడ్డా, నువ్వు రాసిందే కరెక్టయి ఉంటది" అని వేలిముద్ర వేసింది. సార్‌కు ఈ సంగతి చెబితే ఆ పూట అన్నం తినలేదు. ఆయన శిష్యుడి ఇంగ్లీషు తప్పయినందుకు కాదు, ఇంగ్లీషు ఒప్పయినందుకు.

చట్టం దగ్గర ఈ మాటలకు వ్యాకరణం కంటే గట్టి సరిహద్దులున్నాయి. భారత శిక్షాస్మృతి ముసాయిదా మెకాలే నాయకత్వంలో 1837లో తయారైంది. చట్టమైంది 1860లో, అమల్లోకి వచ్చింది 1862 జనవరి 1న. మన బాలాపూర్ అప్పుడు నిజాం రాజ్యం కాబట్టి మనకు అది 1951లోగాని రాలేదు. అంతకుముందు ఇక్కడి కోర్టుల భాష ఉర్దూ. ఉర్దూ న్యాయభాషలో హర్ట్‌ను జర్బ్ అని, గ్రీవియస్ హర్ట్‌ను జర్బె షదీద్ అని అంటారు. జర్బ్ అంటే దెబ్బ. లెక్కల్లో గుణకారానికీ అదే పేరు. నిజాం కాలంలో చదువుకున్న పెద్దలకు రెండూ ఒకేసారి గుర్తొస్తాయి, బహుశా బెత్తంతో నేర్చుకున్నందువల్ల. నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది ఏమిటంటే, జర్బ్ గాని మన దెబ్బ గాని తాకేదానికి పేరు. మెకాలే హర్ట్ అలా కాదు. శరీరానికి నొప్పి, జబ్బు, బలహీనత, ఈ మూడింట్లో ఏది కలిగించినా హర్టే. కొట్టకుండా కూడా హర్ట్ చెయ్యొచ్చు. తిన్నవాడి ఒంటి వైపు నుంచి రాసిన మాట అది.

ఆ చట్టంలోనే ఇంజురీ అంటే ఇంకా పెద్దది: శరీరానికి, మనసుకు, పేరుకు, ఆస్తికి, దేనికైనా చట్టవిరుద్ధంగా జరిగిన హాని. ఇంజురీ లాటిన్ తల్లివేరు అన్యాయమనే అర్థం ఉన్నది గనక అది సబబే. అంటే చట్టం ప్రకారం మీ మనసు ఇంజూర్ కావొచ్చు, హర్ట్ కాలేదు. బజార్లో దీనికి సరిగ్గా తలకిందులు. ఇంకో తమాషా: పాత 298వ సెక్షన్‌లో మతపరమైన మనోభావాలకు వాడిన మాట వూండ్. కత్తి పెట్టాల్సిన మాటను మనసుకు పెట్టి, ఒంటికి హర్ట్ మిగిల్చారు. ఇక మిస్‌చీఫ్. బడిలో మేం రోజూ చేసింది అదే, అల్లరి. చట్టంలో అది ఇతరుల ఆస్తిని కావాలని పాడుచేయడం, జైలుకు పోయే నేరం. లా కాలేజీలో చేరిన కొత్తలో మా క్లాస్‌మేట్ ఒకడు ఆ సెక్షన్ చదివి, సార్ మనమీద కేసు పెట్టలేదు, దేవుడు అని దండం పెట్టాడు.

గ్రీవియస్ హర్ట్‌కు ఎనిమిది రకాలు చెప్పారు. కన్ను పోవడం, చెవి పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముకో పన్నో విరగడం, ఇలా. ఇరవై రోజులు తీవ్రమైన బాధతో గడిపినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ గ్రీవియస్సే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ ఇరవై పదిహేనైంది. ఈ జాబితాలో చేరనిది సింపుల్. పన్ను ఊడితే గ్రీవియస్, నెత్తి పగిలి పది కుట్లు పడితే, ఎముకకు ఏమీ కాకపోతే, సింపుల్. వూండ్ సర్టిఫికెట్ పట్టుకొని వచ్చినవాళ్ల మొహాలు నేను చూశాను. "సింపుల్ అని రాసిండు సార్, వానికి తాకితే తెలుస్తది" అనేవాళ్లు. డాక్టరుది తప్పు కాదు. ఆయన చట్టం భాషలో రాశాడు, వీళ్లు ఒంటి భాషలో చదివారు. ఆ ఒక్క మాట మీద ఏడాదిలోపు శిక్షా, ఏడేళ్ల దాకా శిక్షా అన్నది తిరుగుతుంది. డబ్బూ తిరుగుతుంది. గుద్దేసి వెళ్లిపోయిన బండి దొరక్కపోతే 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఇచ్చే పరిహారం చనిపోతే 2 లక్షలు, గ్రీవియస్ హర్ట్ అయితే 50 వేలు. సింపుల్‌కు ఆ పథకంలో గడి లేదు.

సార్ రిటైరయ్యాక ఆయన అరుగు ఈ ఊరికి అర్జీల ఆఫీసు. మీలో సగంమంది అక్కడ కాయితాలు రాయించుకున్నవాళ్లే. ఒకరోజు నేను అక్కడ ఉండగా ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకొని ఉంది. పక్కన అన్న కొడుకు. వాడు అప్పటికే ఎవరితోనో ఫిర్యాదు రాయించుకొచ్చాడు. పోలీస్ స్టేషన్ చుట్టుపక్కల దొరికే ఫిర్యాదులన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటాయి: బూతులు తిట్టి, చేతులతో కొట్టి, కాళ్లతో తన్ని, రక్తగాయాలు చేసి, చంపుతామని బెదిరించారు. అందులోనూ అంతే. సార్ కళ్లద్దాలు సవరించుకొని ఆమెను అడిగారు.

"రక్తం వచ్చిందా అమ్మా?"

"రాలే."

"మరి ఇందులో రక్తగాయాలు అని ఉంది."

అన్న కొడుకు అందుకున్నాడు: "రాయకుంటే కేసు తీసుకోరంట సార్."

సార్ వాడి వంక చూడనేలేదు. ఆమెనే అడిగారు, "తాకిందా, కొట్టిండా?" ఆమె తల వంచుకొని చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. చివరికి, "చెయ్యి పట్టి మెలేసిండు. అప్పుడు తాకలే. రాత్రికి తెలిసింది" అంది. సార్ పాత కాయితం మడిచి పక్కన పెట్టి కొత్త తెల్లకాయితం తీశారు. నేను పక్కనుంచి చూస్తున్నాను, ఆయన చేతిరాత కుదురుగా ఒక్కో అక్షరం: 'రక్తం రాలేదు. చెయ్యి పట్టి మెలితిప్పాడు. అప్పటి నుంచి ఎడమ చెయ్యి భుజం దాకా లేవడం లేదు. జడ వేసుకోలేకపోతున్నాను.' జడ సంగతి ఆమె చెప్పలేదు. వదిలేసిన జుట్టు చూసి ఆయనే అడిగి రాశారు. ఎక్స్‌రే తీస్తే మణికట్టు దగ్గర ఎముక చిట్లిందని తేలింది. రక్తగాయాల కాయితమే వెళ్లి ఉంటే, రక్తమెక్కడ అని అడిగినచోటే ఆమె కేసు ఆగిపోయేది.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన మీకు చెప్పనక్కర్లేదు. మీర్‌పేట కాలనీల్లో నీళ్లు, సరూర్‌నగర్‌లో నీళ్లు. నాలుగు రోజుల తర్వాత గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ప్రభుత్వం సాయం ప్రకటించినప్పుడు మూడు మెట్లు పెట్టింది. ముంపు బారిన పడ్డ ఇంటికి 10 వేలు, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి 50 వేలు, పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి లక్ష. ఇంగ్లీషులో ఎఫెక్టెడ్, పార్షల్లీ డ్యామేజ్డ్, ఫుల్లీ డ్యామేజ్డ్. నేనా రోజుల్లో మా చుట్టాలింటికి వెళ్తే వాళ్లు నాలుగో మాట వాడారు: "ఇల్లు ఖరాబైంది." మన హైదరాబాద్ తెలుగులో దీనికి వేరే నిచ్చెన ఉంది. ఫోనైనా పాలైనా ఖరాబవుతుంది, వ్యాపారంలో నుక్సాన్ వస్తుంది, మనిషి బర్బాద్ అవుతాడు. ఖరాబ్ అంటే పనికిరాకుండా పోయింది గాని, బాగుచేసుకుంటే మళ్లీ పనికొస్తుందేమోనన్న ఆశ అందులో ఉంది. గోడలు నిలబడే ఉన్నాయి. బియ్యం, బీరువాలో చీరలు, పిల్లల సర్టిఫికెట్లు, ఫ్రిజ్ పోయాయి. గోడ కూలితే డ్యామేజ్, గోడల మధ్య బతుకంతా బురదైతే ఎఫెక్టెడ్. 10 వేలు. మాట గోడను చూసింది, ఇంటిని చూడలేదు. లడ్డు సంగతి ముందే చెప్పాను కదా, ధర పిండిలో ఉండదు.

మనుషుల్ని డ్యామేజ్‌లో కలిపేసే మాట కూడా ఇంగ్లీషులో ఉంది. మన ఊరి పక్కనే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది, దేశం క్షిపణులకు మెదడు అమర్చే చోటు. అక్కడ పనిచేసే నా మిత్రుడొకడు ఎంత గురి కుదిరితే అంత మేలంటాడు, ఒప్పుకుంటాను. కానీ గురి తప్పినప్పుడు సైన్యాలు వాడే 'కొలాటరల్ డ్యామేజ్' అనే మాటను చూడండి. అందులో ఇల్లూ మనిషీ ఒకే గడిలో పడతారు. జర్మనీలో భాషావేత్తలు ఏటా ఒక చెడ్డ మాటను ఎంచుతారు. 1999లో కొసొవో యుద్ధమప్పుడు దీని జర్మన్ రూపాన్నే ఎంచారు. వస్తువుకు వాడే మాట మనిషి మీద పడగానే చెయ్యి మాయమవుతుంది. సార్ రెండో ప్రశ్న అక్కడ అడిగేవాడుండడు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో చెయ్యి ఉంది, దాన్ని వెతికి పట్టుకున్నారు. 107 బస్‌స్టాప్ దగ్గర ఒకటి, ఆ దగ్గర్లోనే ఇంకొకటి, సైకిళ్లకు కట్టిన బాంబులు. 18 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. 2016లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. పేలుళ్ల మర్నాడు నేను పేపర్లన్నీ కొన్నాను. ప్రతిదాంట్లో క్షతగాత్రులు. ఆ మాట మన ఇళ్లల్లో ఎవరూ అనరు. పేపర్లో తప్ప బతకని మాట అది. గాత్రం అంటే ఒళ్లు, క్షతం అంటే తెగింది. తెగిన ఒళ్లు లెక్కలోకి వచ్చాయి. బాంబు గాలిదెబ్బకు కర్ణభేరి చిట్లినవాడికి ఒళ్లు తెగదు. మా కాలనీలో ఒకాయన ఆ రోజు స్టాప్‌కు ఎదురుగా ఉన్న షాపులో నిలబడ్డాడు, ఒంటికేమీ కాలేదు. తర్వాత ఏళ్లపాటు ఆ రోడ్డు మీద బస్సెక్కలేదు. ఎల్బీనగర్ దాకా నడిచివెళ్లి అక్కడ ఎక్కేవాడు. మనసుకు కలిగేది ఇంజురీ అని చట్టం రాసుకుంది. ఆయన ఏ జాబితాలోనూ లేడు, ఆయనా అడగలేదు.

ఇంగ్లీషు నుంచి ఈ మాటలు మన వీధుల్లోకి వచ్చి ఏమయ్యాయో చెప్పి ముగింపుకు వస్తాను. హర్ట్ తెలుగులోకి వచ్చి ఒళ్లు వదిలేసింది, మనసుకే అంటుకుంది. 'హర్టయ్యాను' అంటే కాలు నొస్తోందని ఎవరూ అనుకోరు. డ్యామేజ్ పార్టీలకు, హీరోలకు, పార్శిళ్లకు. ఇంజురీ ప్లేయర్లకు. వూండ్ సర్టిఫికెట్ దాటి బయటికి రాలేదు. హార్మ్‌ను మనం తీసుకోనేలేదు. హాని, కీడు మన దగ్గర ఉండగా ఎందుకనుకున్నామేమో. అన్నింట్లోకి దారితప్పింది టార్చర్. బాస్ టార్చర్, ట్రాఫిక్ టార్చర్, హోంవర్క్ టార్చర్, పెళ్లి వీడియో చూపించే చుట్టాలది టార్చర్. నేనూ వాడతాను.

మా బంధువుల్లో ఒకమ్మాయి పెళ్లయిన ఏడాదికి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. "టార్చర్ పెడుతున్నారు నాన్నా." ఆయన, "ఎవరింట్లో లేదమ్మా, సర్దుకోవాలె" అన్నాడు. ఆయన కఠినుడు కాదు. ఆ ఉదయమే ఆయన గ్యాస్ బుకింగ్ నంబర్‌ను టార్చర్ అన్నాడు. అదే మాట కూతురి నోట్లోంచి వస్తే అదే సైజులో వినబడింది. ఆరు నెలల తర్వాత ఆ పిల్ల ఇంటికి వచ్చింది. మాట్లాడుతుంటే కుడి చెవి మావైపు తిప్పి వింటోంది. ఏమైందంటే చెంప మీద కొట్టాడని, ఎడమ చెవి వినిపించడం లేదని చెప్పింది. చెవి పోవడం ఎనిమిదింట్లో ఒకటని నాకు తెలుసు. ఇంట్లో సాధింపులకు చట్టం 1983లో 498ఏ తెచ్చినప్పుడు క్రూయల్టీ అనే మాటను ఎంచింది. అందులో ఒంటి ఆరోగ్యంతోపాటు మనసు ఆరోగ్యాన్నీ చేర్చింది. ఆ మాట ఆ పిల్ల నోట్లో లేదు. ఉన్న మాటను మేమంతా కలిసి అప్పటికే అరగదీసేశాం. ఆమె కొట్టారు అని ఉంటే వాళ్ల నాన్న ఆ రాత్రే బండి ఎక్కేవాడు. ఎందుకనలేదని అడిగాను. "కొట్టిండు అంటే మీరు ఆయన్ని కొడ్తరని" అంది.

సార్‌ను నేను చివరిసారి చూసింది ఆస్పత్రిలో. బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగింది. మంచం కాళ్ల దగ్గర కేస్‌షీట్ వేలాడుతోంది. దాన్ని నా చేత చదివించారు. పడిపోయినట్టు 'అలెజ్డ్' హిస్టరీ అని ఉంది. సార్‌కు కోపం వచ్చింది. "నేను పడ్డది ఆరోపణనా? వీళ్ల అనుమానమేంది?" అన్నారు. కేసులు కోర్టు దాకా వస్తాయి కదా సార్, అందుకని ముందుజాగ్రత్తగా అందరికీ అలాగే రాస్తారని చెప్పాను. వినలేదు. నర్సును పెన్ను అడిగారు, ఆమె ఇవ్వలేదు. మనవడు సెలైన్ స్టాండ్ పట్టుకొని ఊగుతూ, "హర్ట్ అయ్యిందా తాతా?" అన్నాడు. సార్ మొహం వెలిగింది. "చూసినవా, వీడు ఒంటిని అడుగుతుండు" అన్నారు నాతో. కాసేపటికి నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"నన్ను అడగవేంరా?"

"ఏమని సార్?"

"తాకిందా, కొట్టిండా అని."

అడిగాను.

"గచ్చు కొట్టింది," అన్నారు, నొప్పికి పెదవి బిగబట్టి, నవ్వుతూ. "రాసుకో."